పుర్రచేతి కత్తి

కోదాడలో కారు ఎక్కినప్పటి నుంచి సూర్యాపేటలో దిగేదాకా తిరుమలేష్ స్రవంతితో ఒక్క మాట మాట్లాడలేదు. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని ఫోన్‌లో ఆమె గురించి మాత్రం మాట్లాడాడు, ఆమెకు వినబడేలాగే.

"మా మేడంకు పచ్చి చేప కోసే పిల్ల దొరికింది. వండుడు రాదంట, కోసుడే వస్తదంట. ఆ పిల్లకు జపాన్ కత్తి కొనియ్యాలె. అండ్లకు నేను తోడు పోవాలె. పదిహేనేండ్లు చేసినంక నాకు దొరికిన డ్యూటీ ఇది."

వెనక సీట్లో స్రవంతి కిటికీ అద్దం దించింది. హైవే మీది లారీల హోరులో మిగతా మాటలు కలిసిపోయాయి.

కోదాడ బైపాస్ మీద ఉన్న ఆ హోటల్‌లో తిరుమలేష్ వంట మాస్టర్. బిర్యానీ, చేపల పులుసు, నాటుకోడి, ఏది పేరు తెచ్చుకున్నా అతని చేతి మీదుగానే. హోటల్ యజమాని అక్షిత మిర్యాలగూడ రైస్‌మిల్లు నర్సింగరావు కూతురు. ఇంట్లో కోడిగుడ్డు కూడా రానివ్వని కుటుంబం వాళ్ళది. హోటల్ మాత్రం మాంసం మీదే నడుస్తుంది. ఆ ఏడాది నర్సింగరావు మిల్లులో బియ్యం రంగు చూసి ఏరే జపాన్ యంత్రాలు పెట్టించాడు. వాటిని బిగించడానికి ఇద్దరు ఇంజనీర్లు రెండు నెలలు ఉంటారని తెలిసి అక్షితకు ఆలోచన వచ్చింది. జపాన్ వాళ్ళు తినే పచ్చి చేప ముక్కలు వాళ్ళ పేరుతో మొదలుపెడితే హైదరాబాద్, విజయవాడ మధ్య తిరిగే కార్ల వాళ్ళు కూడా ఆగుతారు. అనుకున్నదే తడవు వంటగదిలో తిరుమలేష్ తందూరీ పొయ్యి ఉన్న మూల పగలగొట్టించి, అక్కడ అద్దాల కౌంటర్ కట్టించింది. అతన్ని ఒక్క మాట అడగలేదు. ఆ కోపం అక్షిత మీద చూపించలేక అతను స్రవంతి మీద చూపిస్తున్నాడు.

స్రవంతిది త్రిపురారం దగ్గరి తండా. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాద్‌లో ఒక జపాన్ హోటల్‌లో ఐదేళ్ళు చేసింది. చివరి రెండేళ్ళు పచ్చి చేప కౌంటర్ మీదే. అయినా తనదంటూ ఒక కత్తి ఆమెకు ఎప్పుడూ లేదు. అక్కడి పెద్ద షెఫ్ తన పాత కత్తి ఇచ్చేవాడు, సాయంత్రం లెక్కగా తిరిగి తీసుకునేవాడు.

సూర్యాపేటలో హోటళ్ళకు గిన్నెలు, పొయ్యిలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణం అరుంధతిది. నలభై దాటిన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. గాజు బీరువా తాళం తీసి మూడు కత్తులు గుడ్డ మీద పరిచింది. మూడూ జానెడున్నరకు పైగా పొడవు, సన్నం. మూడింటి ఒంటి మీదా నీళ్ళలో గాలి ఆడినట్టు గీతలు.

"చారలున్న స్టీల్ కావాలె అని మీ మేడం ఫోన్‌ల చెప్పింది," అంది అరుంధతి. "అద్దంల నుంచి మనుషులు చూస్తరంట గదా."

తిరుమలేష్ అన్నిటికన్నా ఎక్కువ మెరుస్తున్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గీతలు నల్లగా, పెద్దగా, దూరం నుంచే కనబడుతున్నాయి. "ఇది. ఇంకేం చూడనక్కర లేదు. ప్యాక్ చెయ్యక్కా."

"జర ఇటియ్యండి మాస్టర్," అంది స్రవంతి.

కత్తిని తిప్పి, పదును లేని మందపు వీపు వైపు చూసింది. అక్కడ ఒక్క గీత లేదు, తుడిచిన పళ్ళెంలా ఉంది. అంచు దగ్గర పదును పెట్టిన చోట కూడా గీతలు అలాగే కొనసాగుతున్నాయి. బొటనవేలి గోరుతో ఒక చోట రుద్దింది. "ఇది అచ్చు గుద్దింది. పొరలు పొరలుగా స్టీల్ కలిపి కొట్టినదైతే గీత వీపు మీద గూడ కనబడతది. అంచు కాడికి వచ్చేసరికి ఆగిపోతది. అక్కడ లోపలి గట్టి స్టీల్ ఉంటది, దానికి చార ఉండదు."

అరుంధతి అడ్డు చెప్పలేదు. "అది ఢిల్లీ మాల్. చూపుకు మంచిగుంటదని తెస్తున్న. నేను జపాన్‌ది అని చెప్పలే."

వెంట వచ్చిన డ్రైవర్ నవ్వాడు. తిరుమలేష్ మొహం మాడింది. "తండాల గొడ్డళ్ళు పట్టినోళ్ళకు గూడ కత్తుల సంగతి మస్తు తెలిసినట్టున్నది," అన్నాడు.

స్రవంతి రెండో కత్తి చూసింది. మంచిదే, గీతలు నిజమైనవే. అటువంటి కత్తితోనే ఆమె హైదరాబాద్‌లో రెండేళ్ళూ చేప కోసింది. చేతిలోకి తీసుకోగానే మణికట్టులో పాత నొప్పి గుర్తుకొచ్చింది. ఆమెది ఎడమచేతి వాటం. ఈ రకం కత్తికి ఒక పక్కే పదును పెడతారు, రెండో పక్క కొద్దిగా లోపలికి గుంటగా ఉంటుంది. కుడిచేతి వాళ్ళకు కుడి పక్క పదును. హైదరాబాద్ షెఫ్ మొదటి రోజే చెప్పాడు, ఎడమ చేత్తో కోసేదుంటే ఇక్కడ పని లేదని. ఆమె కుడి చేత్తో నేర్చుకుంది. అందరికన్నా నిదానం అనిపించుకుంది. రాత్రిళ్ళు మణికట్టుకు బామ్ రాసుకుంటూనే పనిలో నిలబడింది.

"మూడోది వద్దులే చెల్లె," అంది అరుంధతి. "హైదరాబాద్‌ల మూతబడ్డ హోటల్ సామాను లాట్‌ల వచ్చింది. ఇద్దరు కొని వాపస్ తెచ్చిండ్రు. పోత తప్పినట్టుంది, ముక్క వంకర వస్తది."

తిరుమలేష్‌కు పోయిన పరువు వెనక్కి తెచ్చుకునే అవకాశం కనబడింది. బయట బండి మీద నుంచి రెండు కీరకాయలు తెప్పించాడు. అట్టపెట్టె మీద పెట్టి ఆ కత్తితో కోశాడు. అరుంధతి అన్నట్టే అయింది. కత్తి సగం దిగాక పక్కకు జారింది. ముక్క పైన మందంగా, కింద కాగితంలా వచ్చింది. రెండోసారీ అంతే.

"స్క్రాప్," అని గుడ్డ మీద పడేశాడు.

పడిన కత్తి వాలు చూడగానే స్రవంతికి విషయం అర్థమైంది. ఇలాంటి పనిముట్టు ఆమె చిన్నప్పుడే చూసింది. ఆమె తల్లి రంగిది కూడా ఎడమచేతి వాటమే. వరి కోసే కొడవలికి పళ్ళు కుడి చేతికి అనువుగా ఒక పక్కకే కొడతారు. రంగికి అది తెగేది కాదు. త్రిపురారం కమ్మరితో పోట్లాడి మరీ పళ్ళు అటు తిప్పి కొట్టించుకుంది. ఆ కొడవలి వేరే ఎవరైనా పట్టుకుంటే పనికిమాలినదని విసిరేసేవాళ్ళు. వరుసలో పక్కవాళ్ళ చెయ్యి తెగకుండా రంగి ఎప్పుడూ ఎడమ కొసన నిలబడేది, మధ్యాహ్నానికి అందరికన్నా ఒక మడి ముందుండేది.

స్రవంతి మూడో కత్తిని ఎడమ చేత్తో పట్టుకుంది. వీపు చూసింది. సన్నటి గీతలు వీపు మీదుగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దిగుతున్నాయి, అంచుకు వెంట్రుకవాసి ముందు ఆగిపోయాయి. పదును ఎడమ పక్కన ఉంది. కీరకాయ కోసి చూడాలనిపించింది. కోయలేదు. కోస్తే తిరుమలేష్‌కు అర్థమవుతుంది, అరుంధతికి దాని అసలు ధర గుర్తుకొస్తుంది.

"నాకు ఇదే కావాలె," అంది.

తిరుమలేష్ ఆమె మొహంలోకి చూసి, బయటికి వెళ్ళి అక్షితకు ఫోన్ చేశాడు. లోపలికి వచ్చి, "మేడం ఏం చెప్పిందో విను. స్క్రాప్‌కు హోటల్ పైసల్ పెట్టదంట. నీకంత ముచ్చటుంటే నీ జేబుల నుంచి కొనుక్కోమంది," అన్నాడు. హోటల్ తరఫున అచ్చు గీతల కత్తినే ప్యాక్ చేయించాడు.

స్రవంతి తన ఫోన్‌తో డబ్బు కట్టి బిల్లు తన పేరు మీద రాయించుకుంది. తిరుగు దారిలో కత్తి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నవ్వు ఆగడం లేదు ఆమెకు. ముందు సీట్లో మనిషికి అది తెలియకుండా కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున వంటగదిలో తిరుమలేష్ పంచాయతీ పెట్టించాడు. అక్షిత వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, నిలబడే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే ఫోన్ చూసుకుంటుంది. వంటవాళ్ళు ఆరుగురు చుట్టూ చేరారు. తిరుమలేష్ స్రవంతిని అడగకుండానే ఆమె గుడ్డ విప్పి కత్తి తీశాడు. కీరకాయ కోసి వంకర ముక్కలు పళ్ళెంలో పెట్టి చూపించాడు.

"చూడుండ్రి మేడం. ఐదేండ్లు నేర్చుకున్నదంట. కత్తి కొనుడు రాదు."

"ఆదివారం ఓపెనింగ్," అంది అక్షిత స్రవంతితో. "నేను కార్డులు పంచాను. మా నాయనమ్మ వస్తుంది, మిల్లుల వాళ్ళందరూ వస్తున్నారు. నువ్వు ఇట్లాంటిది తెచ్చి ఏం కోద్దామని?"

స్రవంతి అతని చేతిలోంచి కత్తి తీసుకుని కడిగి తుడిచింది. విజయవాడ నుంచి ఐసులో వచ్చిన ట్యూనా ముక్క బల్ల మీద పెట్టింది. కత్తి ఎడమ చేతికి మార్చుకుని, పిడి దగ్గర నుంచి మొన దాకా ఒకే లాగుడులో దింపింది. ముక్క తనంతట తాను పక్కకు ఒరిగింది. కోసిన మొహం అద్దంలా మెరిసింది. ఇంకొకటి. ఇంకొకటి. పన్నెండు ముక్కలు, అన్నీ ఒకే మందం. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెకు ఇంత సులువుగా రాలేదు. కౌంటర్ వెనక నిలబడిన కుర్ర వంటవాళ్ళు ఇద్దరు మెడలు చాచి చూశారు.

"కత్తి వంకర కాదు మేడం. పుర్రచేతి వాళ్ళ కోసం చేసిన కత్తి."

అక్షిత ముక్కల వైపు చూడలేదు. ఆమె చేతి వైపు చూసింది. "నువ్వు ఎడమ చేత్తో కోస్తావా?"

"కొత్తగ కాదు. పుట్టినప్పటి నుంచి."

"ఇంటర్వ్యూలో చెప్పలేదే."

"మీరు అడగలే."

"తిండి అది. అద్దాల కౌంటర్ పెట్టింది అందరూ చూడాలనే. ఎడమ చేత్తో కోసి మా నాయనమ్మ ముందు, మా వాళ్ళ ముందు పెడతావా? కుడి చేత్తో కొయ్యి."

"ఈ కత్తి కుడి చేతికి పనిచెయ్యదు. ఇప్పుడే చూసిండ్రు గదా."

"అయితే ఆ కత్తి పక్కన పెట్టు. మాస్టర్ తెచ్చినది ఉంది."

"అది చేపను చింపుతది. నేను దాంతో కొయ్య."

వంటగదిలో అందరూ చేస్తున్న పని ఆపేశారు. అక్షిత ఫోన్ జేబులో పెట్టుకుంది. "మీ నాన్న లచ్చిరాం మా మిల్లులోనే కదా హమాలీ. ఆయనకు తెలుసా, నువ్వు ఇక్కడ ఇట్లా మాట్లాడుతున్నావని?"

స్రవంతి ముందు చేతిలోని కత్తిని కింద పెట్టింది. తర్వాత తుడిచి గుడ్డలో చుట్టుకుంది. ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టింది.

"కత్తి హోటల్‌ది," అన్నాడు తిరుమలేష్.

ఆమె బిల్లు తీసి అతని కళ్ళ ముందు పెట్టింది. "మీ దయనే మాస్టర్," అంది. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఎక్కింది.

తండాలో రంగి కూతుర్ని చూసి ఎందుకు వచ్చావని అడగలేదు. గుడ్డ విప్పి కత్తి చూసింది. ఎడమ చేత్తో పట్టుకుని, వాకిట్లో ఉన్న సొరకాయ ఒకటి కోసి, ముక్క ఎండకు ఎత్తి పట్టింది. ముక్కలోంచి వెలుగు కనబడింది. "ఇది ఎవరు చేసిండ్రో మంచిగ చేసిండ్రు," అంది తమ భాషలో. అంతే.

సాయంత్రం లచ్చిరాం మిల్లు నుంచి వచ్చాడు. భుజం మీది తువ్వాల దులిపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కబురు అప్పటికే అతనికి అందింది. మిల్లు గుమాస్తా పిలిచి, కూతురికి బుద్ధి చెప్పుకోమన్నాడు.

"ఏమన్నవ్ నాయినా?" అని స్రవంతి అడిగింది.

"లారీ నింపేదున్నది, తర్వాత మాట్లాడుదమన్న." తువ్వాల మడత పెట్టి, "ఈ మిల్లు కాకుంటే మిర్యాలగూడల ఇంకో మిల్లు. బస్తా ఏడనైనా అంతే బరువుంటది. నా గురించి చూసి నువ్వు పోవద్దు. నీకు పోవాలనిపిస్తే పో," అన్నాడు.

అక్కడ కోదాడలో తిరుమలేష్ రెండు రోజులు చేప మీద చెయ్యి నిలపలేకపోయాడు. పులుసు ముక్క కొట్టిన చెయ్యి అది, లాగి కొయ్యడం దానికి అలవాటు లేదు. అచ్చు గీతల కత్తి మొదటి పెట్టె చేపకే మొద్దుబారింది. సానరాయి మీద రుద్దితే గీతలు పోయి మచ్చలు తేలాయి. ముక్కలు అంచుల్లో నూలు పోగుల్లా చీలాయి. శుక్రవారం రుచి చూడటానికి పిలిచిన ఇంజనీర్లలో ఒకతను ముక్కను పుల్లలతో ఎత్తి చూసి, మర్యాదగా పళ్ళెంలోనే పెట్టేశాడు. పాడైన చేపనంతా డ్రమ్ములో పారబోయించి అక్షిత స్రవంతికి ఫోన్ చేసింది.

"రేపు పొద్దున వచ్చెయ్," అంది.

"ఏ చెయ్యి?" అని అడిగింది స్రవంతి.

"అద్దానికి మసక కాగితం అంటిస్తాను. లోపల నువ్వు ఏ చేత్తో కోసుకుంటావో కోసుకో."

"వద్దు మేడం. దాచిపెట్టి చేసే పని కాదిది. అద్దం అద్దం లెక్కనే ఉండాలె. నా కత్తి ఎవరూ ముట్టొద్దు. ఇంకోటి, మా నాయిన పేరు మళ్ళ మీ నోట రావద్దు."

"ఇంకేమన్నా ఉన్నాయా?"

"లేవు."

"నాకు నువ్వంటే ఇష్టం లేదు స్రవంతీ. నీకు తెలియాలి అది."

"తెలుసు మేడం. పొద్దున ఏడింటి బస్సుకొస్త."

ఆదివారం మధ్యాహ్నం హోటల్ నిండింది. రిబ్బన్ కత్తిరించడానికి నర్సింగరావు తల్లి సత్యమ్మను తీసుకొచ్చారు. ఎనభై రెండేళ్ళ మనిషి, తెల్లటి పట్టుచీర, చేతిలో కర్ర. ఆమె కోసం వేరే వంట, వేరే గిన్నెలు పెట్టారు. రిబ్బన్ కత్తిరించి కుర్చీలో కూర్చున్నాక ఆమె చూపు అద్దం వైపు తిరిగింది.

స్రవంతి కోస్తూ ఉంది. తలెత్తకపోయినా ఆ చూపు ఆమెకు తెలిసింది.

"ఆ పిల్ల పుర్రచేత్తో కోస్తున్నదేందే?" అని సత్యమ్మ గట్టిగానే అడిగింది. పక్క బల్లల వాళ్ళు కూడా తిరిగి చూశారు.

అక్షిత వంగి ఏదో నచ్చజెప్పబోయింది. సత్యమ్మ వినలేదు. కర్ర పట్టుకుని లేచింది. "పండగకు పిలిచి పుర్రచేతి కూడు చూపిస్తవా," అంది. ఆమె వెనక నర్సింగరావు, అతని వెనక చుట్టాలు మూడు కార్లలో వెళ్ళిపోయారు. పెట్టిన విస్తళ్ళు అలాగే ఉండిపోయాయి. వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడిన తిరుమలేష్, అద్దంలోంచి స్రవంతికి కనబడేలా ఒకసారి తల ఊపాడు.

స్రవంతి కత్తి తడిగుడ్డతో తుడిచి తర్వాతి చేప తీసుకుంది.

అక్షిత మొహం తుడుచుకుని ఇంజనీర్ల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎడమ చేత్తో కోస్తే మీకు అభ్యంతరమా అని ఇంగ్లీషులో అడిగింది, ఉందని వాళ్ళ నోట చెప్పించుకుందామనే. ఇద్దరిలో పెద్దాయన ఆలోచించి, మా ఊళ్ళో పాత షెఫ్‌లు కూడా ఒప్పుకోరు, నాకైతే చేప బాగుంది అని చెప్పి ఇంకో పళ్ళెం తెమ్మన్నాడు. విజయవాడ పోతూ ఆగిన కార్ల వాళ్ళు మాత్రం చేతి సంగతి పట్టించుకోలేదు. ఫోన్లు ఎత్తి కత్తి మీది గీతలు వీడియో తీసుకున్నారు. మూడింటికి చేప అయిపోయింది.

జనం పోయాక అక్షిత కౌంటర్ దగ్గరికి వచ్చింది. మధ్యలో అద్దం ఉంది. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"మా నాయనమ్మ ఇక జన్మలో ఈ హోటల్ గడప తొక్కదు. మా నాన్న నాతో మాట్లాడకుండా పోయాడు. ఇదంతా నీ వల్లే."

స్రవంతి కత్తి కడుగుతోంది. పొడిగుడ్డతో అంచు వైపు నుంచి కాకుండా వీపు వైపు నుంచి మెల్లగా తుడిచింది. ఆమెకు జాలి కలగలేదు, కలిగినట్టు నటించాలని కూడా అనిపించలేదు.

"విజయవాడ వాళ్ళు ఐసు తక్కువ పెట్టి పంపుతున్నరు మేడం," అంది. "ఇయ్యాల పెట్టెల కింది రెండు చేపలు మెత్తబడ్డయ్, పక్కన పడేసిన. రేపటికి ఎక్కువ పెట్టమని మీరే చెప్పాలె. నేను చెప్తే వినరు."

అక్షిత అక్కడే నిలబడి విజయవాడకు ఫోన్ కలిపి, అవతలివాడిని తిట్టడం మొదలుపెట్టింది.